నీలం గడ్డి

పెద్దబాపు పోయాడన్న ఫోను పొద్దున వచ్చింది. అప్పుడు నేను ఒక మరుగుజ్జు వీరుడి బొమ్మ గడ్డానికి వార్నిష్ వేస్తున్నాను. ఆసుపత్రి వాళ్ళు హిందీలో పేరు, వయసు చదివి, మీవాళ్ళేనా అని అడిగారు. అవునన్నాను. ఫోను పెట్టేసి మిగిలిన సగం గడ్డానికి కూడా వార్నిష్ వేశాను, మధ్యలో ఆపితే గీత పడుతుందని. ఆ తర్వాతే లేచి అమ్మకు చెప్పాను. ఏడుపు రాలేదు. ఆ నెలలో మా గల్లీలోనే ఎంతమంది పోయారో. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. అది ఇప్పుడిప్పుడే తిరిగొస్తున్నట్టుంది, అందుకే రాస్తున్నాను.

పెద్దబాపు మా నాన్నకు అన్న. సిరిసిల్ల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి, కొన్నాళ్ళు మగ్గాల మీద పనిచేసి, తర్వాత పాండేసరలో ఒక అద్దకం మిల్లులో చేరాడు. అక్కడే కలర్ మాస్టర్ అయ్యాడు. వ్యాపారి పంపిన గుడ్డముక్క చూసి, ఏ పొడి ఎంత కలిపితే ఆ రంగు వస్తుందో చెప్పడం ఆయన పని. పెద్దమ్మ ఊళ్ళో ఉండేది, ఈయన మిల్లు గదిలో. మొదటి లాక్‌డౌన్‌లో మిల్లు మూసేశారు. తోటివాళ్ళు మూటలెత్తుకుని ఊళ్ళకు నడిచిపోతుంటే, ఈయన ఒక సంచితో నేనూ అమ్మా ఉంటున్న రెండు గదుల్లోకి వచ్చాడు. "నాలుగు రోజులైతే తెరుస్తరు," అన్నాడు. ఆ నాలుగు రోజులు ఎన్ని నెలలు సాగాయో మీకూ తెలుసు.

నా పని గురించి కూడా చెప్పాలి. బొటనవేలంత బొమ్మలకు రంగులు వేస్తాను. మాంత్రికులు, రెక్కల పాములు, కత్తులు పట్టిన అస్థిపంజరాలు. వీటిని బల్ల మీద మోహరించి, పాచికలు వేసుకుంటూ యుద్ధాలు ఆడేవాళ్ళు పుణె నుంచి, బెంగళూరు నుంచి నాకు పంపిస్తారు. ఊరంతా పనిలేక కూర్చున్న రోజుల్లో నాకు నడుం వాల్చే తీరిక లేదు. ఇళ్ళలో చిక్కుకుపోయిన వాళ్ళందరికీ ఒక్కసారే తమ సైన్యాలు గుర్తొచ్చాయి.

మొదటి రోజు పెద్దబాపు నా బల్ల దగ్గరికి వచ్చి, వంగి చూశాడు.

"ఇవేంది బిడ్డా, దేవుళ్ళా?"

"రాక్షసులు పెద్దబాపూ. ఆడుకునేటందుకు."

"పోరగాండ్లు ఆడుకుంటరా?"

"కాదు, నౌకర్లు చేసేటోళ్ళు. పెండ్లైనోళ్ళు."

"వాళ్ళ పనే మంచిగుంది," అన్నాడు.

రెండు రోజులు ఊరికే చూశాడు. మూడో రోజు ఆగలేకపోయాడు. నేను ఒక అంగీకి ఎరుపు కలిపి కుంచె ముంచబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "జర ఆగు. తడిమీద చూసి రంగు చెప్తరా ఎవరన్న?" అని, ఆ ఎరుపు ఒక చుక్క కాగితం మీద పెట్టి, ఆరనిచ్చి, వరండా వెలుతురులోకి తీసుకెళ్ళాడు. తీరా చూస్తే ఇటుక రంగు. నాకు కోపమొచ్చింది, ఆయన చెప్పింది నిజమైనందుకు.

మిల్లులో ఒక పద్ధతి ఉండేదట. మాస్టర్ రంగు కలిపాక పక్కనున్న మనిషి కూడా గుడ్డముక్క చూసి, గట్టిగా "సరే" అనాలి. ఆ మాట వినబడందే బట్ట తొట్టెలోకి దిగదు. "కలిపెటోని కన్ను నమ్మొద్దు బిడ్డా. దినమంత గదే రంగు చూసి చూసి అలవాటు పడ్తది. పక్కోడు చెప్పాలె," అనేవాడు. నా బల్ల దగ్గర కూడా అదే పద్ధతి పెట్టాడు. ఆయన కలిపితే నేను సరే అనాలి, నేను కలిపితే ఆయన. పొయ్యి దగ్గర అమ్మ నవ్వుకునేది.

మెల్లగా బొమ్మల కాళ్ళ కింది నేల ఆయన చేతికి పోయింది. ప్రతి బొమ్మ ఒక గుండ్రటి బిళ్ళ మీద నిలబడుతుంది. నేనైతే జిగురు రాసి, ఇసుక చల్లి, అయిందనిపించేదాన్ని. ఆయన ఒక్కో బొమ్మనూ పట్టుకుని, "గీడు ఏడికెల్లి వచ్చిండు?" అని అడిగేవాడు. నాకేం తెలుసు? ఏదో ఒకటి చెప్పేదాన్ని. చలికొండలంటే ఒక రకం రాయి, అడవంటే ఒక రకం మట్టి. దూరం నుంచి వచ్చాడంటే చెప్పుల మీద, అంగీ అంచుల మీద బురద చుక్కలు వేసేవాడు. "గంత దూరం నడిసినోని కాళ్ళు సాఫ్ ఉంటయా?" అనేవాడు. వాడేసిన చాయ్‌పత్తి ఆరబెడితే ఎండుటాకులు. గల్లీలోని మగ్గాల కింద రాలిన నూలుపొట్టుకు రంగు అద్దితే గడ్డి. నా పనికి పేరొచ్చింది ఆ నేలల వల్లే. నేనది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఒకసారి రెండు డజన్ల అడవి విలుకాళ్ళు వచ్చారు. పంపినవాళ్ళు వాటి కింద పచ్చటి గడ్డి కావాలన్నారు. అమ్మకు జ్వరం, ఆ భయంలో నేను రెండు రోజులు బల్ల దగ్గరికే రాలేదు. పెద్దబాపు ఒక్కడే కూర్చుని మొత్తం పూర్తిచేశాడు. మూడో రోజు పళ్ళెం వరండాలోకి తెచ్చి చూశాను. గడ్డి నీలం. ఇరవై నాలుగు బిళ్ళల మీదా చక్కగా దువ్వినట్టున్న నీలం గడ్డి.

"ఎట్లుంది?" అని లోపల్నుంచి అడిగాడు.

"మస్తుగుంది," అన్నాను.

ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడల్లా ఆ గడ్డి పీకి, మళ్ళీ పచ్చది అతికించాను. కంట్లో పొర వచ్చిందని నాకు అర్థమైంది. కంటి ఆపరేషన్లు అప్పుడు చేయడం లేదు. చెప్పి ఏం లాభం, బాధపడతాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్పే ఓపిక కూడా లేదు.

వారానికి మిల్లు నుంచి పిలుపొచ్చింది. గడ్డం గీసుకుని, ఉన్నదాంట్లో మంచి చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇన్ని నెలలైంది. నా కన్ను ఇంక నిలిచే ఉంది గద బిడ్డా? గా విలుకాండ్ల గడ్డి చూసినవ్ గద."

"నిలిచే ఉంది పెద్దబాపూ. పోయి రా."

మూడో రోజుకే సంచితో తిరిగొచ్చాడు. చిలకపచ్చ అడిగిన చీరల బట్ట మొత్తం నీలంగా దిగిందట. పక్కన నిలబడ్డ మనిషి కొత్తవాడు, మాస్టర్‌కు ఎదురు చెప్పడమేమిటని సరే అనేశాడట. పెద్దబాపు నీళ్ళు కూడా తాగకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"గా గడ్డి?"

"నీలం," అన్నాను. "మొత్తం నీలం. నేనే పీకి మల్ల పెట్టిన."

"వాడంటే కొత్తోడు, భయపడ్డడు. నువ్వెందుకు ఊకున్నవ్?"

"నీకు బాధైతదని."

"బాధ నాది గద. దాన్ని నిన్నెవరు మొయ్యమన్నరు?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు. మూడో రోజు వచ్చి తన చోట కూర్చుని, ఒక డబ్బీ ఎత్తి, "ఇదేం రంగు?" అన్నాడు. చెప్పాను. ఆ రోజు నుంచి ప్రతి డబ్బీకీ అడిగాడు, నేను ప్రతిసారీ చెప్పాను. పని ఎక్కువైన రోజుల్లో విసుక్కునేదాన్ని కూడా, "పచ్చ అని చెప్పిన గద!" అని. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. అబద్ధం చెప్పనంతవరకు ఎంత అరిచినా ఆయనకు ఫరవాలేదు. కంటి ఆపరేషన్‌కు వేసవిలో తేదీ ఇచ్చారు. దానికంటే ముందు కరోనా రెండో విడత వచ్చింది, పెద్దబాపుకూ అంటుకుంది.

ఆసుపత్రిలో మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. పోవడానికి ముందురోజు మధ్యాహ్నం ఆయనే వీడియో కాల్ చేశాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, మెడ చుట్టూ తువ్వాల. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు పట్టేది.

"డాక్టర్లు వచ్చి నా పెదవులు చూసి పోతున్నరు. ఏం చెప్తలేరు. నాకా కనబడదు. నువ్వు చూసి చెప్పు, ఏం రంగున్నయి?"

బాగానే ఉన్నాయి అనే మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"నీలంగున్నయి, పెద్దబాపూ."

ఆయన తల ఊపాడు. ముఖంలో భయం కనబడలేదు, ఒక పని తేలిపోయినట్టుంది.

"సరే," అన్నాడు. "అట్లయితే మీ పెద్దమ్మకు ఇప్పుడే కలుపు. రేపటిదాంక ఆగొద్దు."

అదే కాల్‌లోకి ఊరి నంబరు కలిపాను. అటు మోగుతోంది. పెద్దబాపు మెడ దగ్గరి తువ్వాల మెల్లగా పైకి లాగి, పెదవులు కనబడకుండా కప్పుకుని, పెద్దమ్మ ముఖం కోసం ఫోనులోకి చూస్తూ కూర్చున్నాడు.