ఆ కొర్రమీను నేను పట్టలేదు

మొన్న మా అబ్బాయి పేరున ఒక చిన్న పార్సిల్ వచ్చింది. విప్పగానే గదంతా కొత్త రబ్బరు చెప్పుల వాసన. లోపల అరచేతిలో ఇమిడే కప్ప, ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, నొక్కితే సొట్టపడి మళ్ళీ ఉబ్బే బోలు ఒళ్ళు, వీపుకు ఆనుకుని పైకి చూస్తున్న రెండు గాలాలు. రాత్రిపూట నీటి మీద దాన్ని గెంతిస్తూ లాగితే కొర్రమీను వచ్చి కొడుతుందట. నందిగామలో వాడి స్నేహితులు అయిదారుగురు ఇదే పిచ్చిలో ఉన్నారు. "నీకు తెలీందేముంది నాన్నా, కొర్రమీను సైదులువి గదా," అన్నాడు. ఆ పేరు నాకు పదేళ్ళప్పుడు వచ్చింది. కోర్టు ఎదుట టైపు మిషను పెట్టుకుని కూర్చున్న ఇన్నేళ్ళలోనూ వకీళ్ళ దగ్గర్నుంచి టీ కొట్టు కుర్రాడి దాకా నన్ను ఆ పేరుతోనే పిలిచారు. కానీ ఆ పేరు తెచ్చిన చేపను నేను పట్టలేదు. మా మస్తానత్త పట్టింది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ సంగతి చెప్పడానికే.

మాది నందిగామకూ జగ్గయ్యపేటకూ నడుమ, మునేటి ఒడ్డున ఒక ఊరు. ఎండాకాలం వస్తే ఏరు ఒక ఒడ్డుకు ఒదిగి సన్నటి పాయగా మారిపోయేది, మిగిలినదంతా తెల్లటి ఇసుక, ఆ ఇసుకలో పుచ్చపాదులు, దోసపాదులు, మధ్యమధ్య ఎండకు ఎండని లోతు మడుగులు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో ఊరు ఊరంతా తుమ్ముతూ ఉండేది. మధ్యాహ్నాలు మేము ఉప్పూ కారం పొట్లం కట్టుకుని మామిడికాయల కోసం తోటలెంట తిరిగి, కాళ్ళు కాలి, తడి ఇసుక తవ్వుకుని అందులో పాదాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పీర్ల పండగ వస్తే మా ఇంట్లో బెల్లం, రొట్టె కలిపి దంచిన మలీద వాసన, నిప్పుల గుండం చుట్టూ అన్ని కులాల వాళ్ళ కేకలు. మా తాత మాత్రం పండగైనా పబ్బమైనా గుమ్మంలో కూర్చుని దూది ఏకుతూనే ఉండేవాడు, ఆయన కనుబొమల మీద ఎప్పుడూ మంచు కురిసినట్టు నలకలు.

మస్తానత్త మా నాన్నకు చెల్లెలు. మొగుడు పోయాక జగ్గయ్యపేట నుంచి పుట్టింటికి వచ్చేసింది. పాత చీరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టేది. సూది చేతిలో ఉన్నంతసేపూ ఎవరితో ఏం మాట్లాడుతున్నా కుట్టు వంకర పోయేది కాదు. ఆమెకున్న ఒకే ఒక్క సరదా చేపల వేట. అదే మా నాన్నకు గిట్టదు. ఆయన లారీ డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఒకసారి పట్టపగలు ఆమెను గాలంతో చూసి, "మగాళ్ళ మధ్యన గెడ పట్టుకు కూర్చుంటే మన పరువేం గాను? మళ్ళీ చూశానంటే గెడ విరిచి పొయ్యిలో పెడతా," అన్నాడు. అత్త తల ఊపింది. పగలు వెళ్ళడం మానేసింది.

రాత్రిళ్ళు వెళ్ళేది. ఊళ్ళో బావులు ఎండిపోయిన ఆ రోజుల్లో ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి బిందెలు నింపుకునేవాళ్ళు. భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా గుంపుగా వెళ్ళి వచ్చేసేవాళ్ళు, అత్త మాత్రం బిందె నిండలేదని వెనకబడేది. తోడుగా నేను. పుచ్చపాదుల గుడిసె కప్పులో దాచిన వెదురు గెడ తీసి మడుగు దగ్గరికి నడిచేవాళ్ళం. వెన్నెల్లో ఇసుక చల్లగా ఉండేది, దూరంగా హైవే మీద లారీల లైట్లు కదిలేవి, వాటిలో మా నాన్నది ఏదోనని నాకు ఒక పక్క భయం.

ఆ మడుగులో ఒక పెద్ద కొర్రమీను ఉందని ఊరందరికీ తెలుసు. కిరాణా కొట్టు నాగయ్య బతికున్న కప్పల్ని గాలానికి గుచ్చి రెండేళ్ళుగా దానికోసం తంటాలు పడుతున్నాడు. అది నాలుగు నైలాను తంగూసు దారాలు తెంపుకుపోయింది. ఊళ్ళో వేటగాడంటే ఆయనే. అత్తకు బతికున్న కప్పను గుచ్చడం చేతకాదు, కప్ప అరుస్తుంటే తన వేలికి గుచ్చుకున్నట్టు ఉంటుందనేది. అందుకని జీలుగు బెండును చెక్కి కప్పను చేసింది. బొంత గుడ్డ చుట్టి, కాటుక పూసి, సైకిల్ ట్యూబు ముక్కలతో వెనక కాళ్ళు కుట్టింది. గాలం మొనను వీపు మీదకు తిప్పింది, నాచులో చిక్కుకోకుండా. అది మునగదు, నీటి మీద తేలుతూ గెంతుతుంది. కొట్టుకు ఉప్పుకోసం వెళ్ళినప్పుడు నా జేబులోంచి అది జారిపడితే నాగయ్య పట్టుకుని చూశాడు.

"ఇదేందిరా, మీ అత్త పెళ్ళి చేసిన బొమ్మా? దీన్ని చూసి చేపలు నవ్వీ నవ్వీ చస్తాయిలే. ఏరుకోండి మీరు," అన్నాడు. కొట్టు ముందున్న వాళ్ళంతా నవ్వారు. ఇంటికొచ్చి చెబితే అత్త దారం పంటితో తెంపి, "నవ్వనీ," అంది.

ఆ రాత్రి నన్ను గెడ పట్టుకోమని ఆమె చెలమ దగ్గర బిందె నింపడానికి వెళ్ళింది. నాచు అంచున బెండు కప్ప రెండు గెంతులు వేసిందో లేదో, చీకట్లో గుంటలోకి బండరాయి పడ్డట్టు చప్పుడైంది. నేను ఉన్న బలమంతా పెట్టి లాగాను. కప్ప ఒక్కటే గాల్లోకి లేచి నా చెవి పక్కనుంచి వెనక్కి పోయింది. నాకు ఏడుపొచ్చింది.

"చప్పుడినంగానే లాగకూడదురా, దానికి మింగే టైమియ్యాల," అంది అత్త. "మూడు కుట్లు కుట్టినంతసేపాగి అప్పుడు లాగు. జరుగిటు, నేను చూస్తా."

చాలాసేపు కూర్చున్నాం. కీచురాళ్ళు అరిచి అలిసిపోయాయి. ఆమె కప్పను గెంతించి, ఆపి, మళ్ళీ గెంతించింది. మళ్ళీ ఆ చప్పుడు. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను, తోసేసింది. ఎడమ చేత్తో గెడ పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో గాల్లో లేని సూది గుచ్చి తీసింది, ఒకటి, రెండు, మూడు. అప్పుడు లాగింది. వెదురు విల్లులా వంగిపోయింది. చేప నాచులోకి దూరబోతే లాగలేదు, తనే చీర గోచీ పెట్టుకుని నడుములోతు నీళ్ళలోకి దిగిపోయింది. అది ఎటు తిరిగితే అటు నడిచింది. దానితో మాట్లాడుతూనే ఉంది, "దా, దామ్మా, ఎక్కడికి బోతావ్, నేనూ వస్తా." ఎంతసేపైందో తెలియదు. చివరికి దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని ఇసుక మీదకు వచ్చి వెల్లకిలా పడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. నేను చుట్టూ గెంతాను. గెలిచిన వాళ్ళు ఎలా ఉంటారో ఆ రాత్రి చూశాను.

చేపను తలకిందులుగా బిందెలో పెడితే తోక బయటే ఉండిపోయింది. నెత్తిన ఆ బిందెతో ఆమె, భుజాన గెడతో నేను ఊళ్ళోకి వస్తుంటే కల్లం దగ్గర బీడీలు కాలుస్తూ నాగయ్య, అతని పక్కనే, ఎప్పుడు దిగాడో, మా నాన్న. నాగయ్య లేచి నిలబడ్డాడు. "ఎవరు పట్టార్రా దీన్ని?" అన్నాడు.

అత్త నాన్న ముఖం చూసింది. "మన సైదులే అన్నా," అంది. "నేను నీళ్ళకెళ్తే ఈడు బెండు కప్పతో పట్టేశాడు."

నాన్న నన్ను భుజాల మీదకు ఎత్తుకున్నాడు. నాగయ్య కొట్టు తెరిచి కాటా తెచ్చాడు, దాని గొలుసు నన్నే పట్టుకోమన్నారు. మర్నాడు పచ్చి మామిడికాయ వేసి అత్తే పులుసు కాచింది. మా వైపు ఆనవాయితీ ఒకటి ఉంది, చేప తలకాయ పట్టినవాళ్ళదే. అత్త ఆ తలకాయను తీసి నా కంచంలో వేసింది. నేను తిన్నాను. ఒక్క ఎముక కూడా వదలకుండా తిన్నాను.

అంతవరకు పిల్లతనం, ఆమె గెడను కాపాడిన అబద్ధం. అసలు తప్పు తర్వాతది. నాన్న పోయిన చాలా ఏళ్ళకు మా చెల్లెలి పెళ్ళిలో నలుగురూ అడిగితే ఆ కథ చెబుతున్నాను. మూడు కుట్ల సంగతి కూడా నేనే కనిపెట్టినట్టు చెప్పాను. అత్త షర్బత్ గ్లాసుల పళ్ళెంతో వచ్చి అక్కడ ఆగింది. నా మాట పూర్తయ్యే దాకా ఆగింది. అప్పటికి ఆమెను ఏమనేవాళ్ళు ఎవరూ లేరు, పట్టింది అత్తేనని నేను ఒక్క ముక్క అంటే చాలు. నేను తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయాను. ఆమె గ్లాసులు పంచి వెళ్ళిపోయింది. ఏనాడూ అడగలేదు.

పార్సిల్ వచ్చిన వారానికి కుర్రాళ్ళంతా కీసర దగ్గర మునేటికి బయల్దేరి నన్నూ రమ్మన్నారు. నేను అత్తను కూడా కారెక్కించాను. ఇప్పుడామెకు డెబ్భై దాటాయి. ఏట్లో ఆనాటి ఇసుక లేదు, లారీలు తవ్వుకుపోయిన గుంటల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెలమల మాట ఆ పిల్లలకు తెలియదు, ఊళ్ళల్లో అందరూ డబ్బా నీళ్ళు కొనుక్కుంటున్నారు. పుచ్చపాదులు లేవు, నాగయ్య లేడు, నాన్న లేడు. బొంతలు కుట్టించుకునేవాళ్ళూ లేరు. చీకటి పడ్డాక కుర్రాళ్ళు కథ చెప్పమని చుట్టూ చేరారు. నేను లేచి నిలబడి, "ఆ చేపను పట్టింది నేను కాదు, మా అత్త," అన్నాను. మొదటినుంచీ, పెళ్ళిలో నేను నిజం చెప్పకపోవడంతో సహా, చెప్పడం మొదలుపెట్టాను.

సగంలో అత్త కళ్ళజోడు సర్దుకుంది. "అట్టా కాదురా జరిగింది. నువ్వు జరుగు, నేను చెప్తా," అంది.

కుర్రాళ్ళు నన్ను వదిలేసి ఆమె కుర్చీ దగ్గరికి జరిగారు. ఆమె గొంతులో మడుగు ఇంకా లోతైంది, నాచు ఇంకా దట్టమైంది, నీళ్ళు మెడ దాకా వచ్చాయి. "ఆరు కిలోలబ్బాయ్, ఒక్క గ్రాము తక్కువ్లేదు," అంది.

"నిజమా మామ్మగారూ?" అన్నాడు ఒకడు.

"ఈణ్ణడుగు. కాటా పట్టుకుందీడే."

అందరూ నా వైపు తిరిగారు. అత్త కూడా చూస్తోంది.

"ఆరు పైనే ఉంటది," అన్నాను.

ఆ రాత్రి కాటా మీద ఎంత తూగిందో నాకు బాగా గుర్తుంది. అది మాత్రం ఇక్కడ రాయను.