రాగి బిందెలో సముద్రం

సముద్రాన్ని చంపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. మరీ పెద్ద సముద్రమేం కాదు, మా అక్క వాళ్ల ముందుగదిలో బల్ల మీద పట్టేంత. అయినా అప్పట్లో కరీంనగర్ మొత్తానికి ఉన్న సముద్రం అదొక్కటే. దాన్ని నేను ఎంతో శ్రద్ధగా, రోజూ తలస్నానం చేసి మరీ చంపాను.

మా బావ దుబాయ్‌లో ఒక షేక్ ఇంట్లో అద్దాల తొట్లు చూసుకునేవాడు. అవి మనకు తెలిసిన ఎర్రచేపల తొట్లు కావు. ఉప్పునీళ్లు, అందులో బతికున్న పగడాలు. తొంభైల మొదట్లో సెలవు మీద వస్తూ బొంబాయిలో ఒక పగడాన్నీ, దానికి కావలసిన సముద్రపు ఉప్పునూ కొని, బస్సులో దారంతా ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు.

"గిది మన దగ్గర బతికితే బస్టాండు కాడ గిసొంటి తొట్ల దుకాణం పెడ్త. మల్ల దుబాయ్ పోనే పోను. బతుకకపోతే ఏమున్నది, షేక్ పిలుస్తనే ఉన్నడు," అన్నాడు.

పెళ్లయిన నాటి నుంచి మా అక్క మొగుడితో కాపురం చేసింది సెలవుల్లోనే. ఆ మాట విన్నాక ఆమె పొద్దున లేచి మొదట తొట్టినే చూసుకునేది.

పగడమంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్ర రాయి అని నా ఉద్దేశం. ఇది రాయి కాదు, నిండు ప్రాణి. ట్యూబ్‌లైటు వేయగానే గోధుమరంగు వేళ్లన్నీ విప్పుకొని నీళ్లలో మెల్లగా ఊగేది. మా అవ్వయితే చూసిన మొదటిరోజే దండం పెట్టింది.

కొన్నాళ్లకు బావ దుకాణం బేరాలు మాట్లాడడానికి మళ్లీ బొంబాయి బయలుదేరాడు. తొట్టి నాకు అప్పగించాడు.

"మధ్య మధ్యల బకెటెడు నీళ్లు తీసి, మంచినీళ్లల్ల గీ ఉప్పు కలిపి పొయ్యి. సాఫ్ గిన్నెల కలుపు. గంతే. ఇంకేం జెయ్యకు."

"నాకు చెప్తున్నవా బావా? బీయెస్సీ జువాలజీ నాది."

"అందుకే భయమైతుంది," అన్నాడు బావ.

ఇప్పుడు మీరే చెప్పండి, మన ఇళ్లల్లో అన్నిటికన్నా శుభ్రమైన గిన్నె ఏది? ప్లాస్టిక్ బకెట్టా? అందులో బట్టలు నానేస్తారు. రాత్రి రాగి బిందెలో పోసిన నీళ్లు పొద్దున తాగితే ఒంట్లో రోగాలు పోతాయని అవ్వ నాకు చిన్నప్పటి నుంచి పరగడుపున తాగించింది. మనిషికి అంత మేలు చేసేది పగడానికి చేయదా? అవ్వను బతిమాలి రాగి బిందె తీసుకున్నాను. అందులో ఉప్పు కలిపి, రాత్రంతా ఉంచి, పొద్దున తొట్టిలో పోశాను.

మర్నాడు వేళ్లు సగమే విచ్చుకున్నాయి.

"ఏమైందిరా దానికి?" అంది అక్క.

"నిద్ర సరిపోనట్టున్నదక్కా."

ఆ తరువాత అది నిద్ర కాదు, ఎండ అనుకున్నాను. ఐసు గడ్డలు సంచిలో కట్టి తొట్టిలో వేలాడదీశాను. ఎండ కాదు, వెలుతురు ఎక్కువైందని లైటుకు గుడ్డ కట్టాను. దిష్టి తగిలిందని అవ్వ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మేమందరం దగ్గాం, పగడం మాత్రం ఇంకాస్త ముడుచుకుంది. చివరికి నీళ్లే ఖరాబయ్యాయని తేల్చి, రోజూ మార్చడం మొదలుపెట్టాను. అంతా రాగి బిందెతోనే, అంతా ప్రేమతోనే.

పక్కింటికి బావ ఫోన్ చేశాడు. "ఎట్లున్నది?"

"జర నలతగ ఉన్నది బావా. ఫికర్ జెయ్యకు, రోజూ నీళ్లు మారుస్తున్న."

"రోజూ మార్చుమని ఎవడు చెప్పిండ్రా నీకు?" అని అరుస్తుండగా లైను తెగిపోయింది. తెగినందుకు సంతోషించాను కూడా.

ఆ సాయంత్రం అక్క తొట్టి ముందు కూర్చొని, అద్దానికి మొహం ఆనించి పగడంతో మాట్లాడుతోంది. "జర ఓర్చుకో తల్లీ, గాయన వచ్చేదాక ఓర్చుకో." నాకు ఏడుపు ఆగలేదు. ఆ బాధలో ఆ పూట ఇంకో బిందెడు ఎక్కువ పోశాను.

మర్నాడు అవ్వ బిందె చంకన పెట్టుకొని నవ్వుతూ వచ్చింది. "అరే, నీ ఉప్పు ఏం ఉప్పురా! చింతపండు పెట్టి తోమినా గింత మెరుపు రాలే. లోపల చూడు, కొత్తదాని లెక్క అయింది."

చూశాను. బిందె లోపల తళతళలాడుతోంది. మరి ఇన్నాళ్లూ అందులోంచి కరిగింది ఎక్కడికి పోయినట్టు? తొట్టి వైపు చూశాను. రాగితో చేసే మైలుతుత్తం చల్లితే చెరువులో నత్తలు చస్తాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేనే.

బావ వచ్చేసరికి పగడం తెల్లని జిగురైంది. ఆయన నీళ్లలో చెయ్యి పెట్టి చూసి తీశాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"దేంట్ల కలిపినవ్?"

"రాగి బిందెల."

బావ అక్కడే కూలబడ్డాడు. తలెత్తి అడిగాడు. "నేనున్నన్ని దినాలు మంచిగనే ఉండె గద?"

"ఉండె."

"మన ఎండకు?"

"ఏం కాలే."

"మన మానేరు నీళ్లకు?"

"ఏం కాలే బావా. ఒక్క నన్నే తట్టుకోలేకపోయింది."

బావ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వు!

"అరే బామ్మర్దీ, గిన్ని దినాలు నా పరేషాన్ ఏందంటే, కరీంనగర్ల గిది బతుకదేమోనని. బతుకుతదన్నట్టే! నువ్వు ముట్టకుంటే చాలు." అక్క వైపు తిరిగి, "షేక్‌కు రానని చెప్తనే," అన్నాడు.

అక్క ఏడుస్తూ, నవ్వుతూ వచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది. అది నాకు న్యాయంగా రావలసిందే.

దుకాణం తెరిచినరోజు కొబ్బరికాయ నా చేతే కొట్టించారు, గడప బయట నిలబెట్టి. అప్పుడే అందరి ముందూ గొంతు సవరించుకొని ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ ప్రాణికీ, దానికేం పడదో తెలుసుకోకుండా మేలు చేయను. ప్రమాణం గట్టిగా ఉండాలని చేతిలోకి నీళ్లు తీసుకోబోతే, బావ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి చెంబు లాక్కున్నాడు.

"ఒట్టు ఎట్లనన్న వెయ్యిరా, నీళ్లు మాత్రం ముట్టకు!"