ఒక్క నిమిషంలో వస్తా

నా ఉద్యోగమే అంచనాలు వేయడం. ఏ సాఫ్ట్‌వేర్ పనికి ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పాలి. పదిహేనేళ్లుగా చెబుతున్నాను, ఐర్లండ్‌లోని ఈ కార్క్‌లో నా మాటకు కాస్త విలువ కూడా ఉంది. అలాంటి నేను కుక్కపిల్లకి రోజుకు అరగంట చాలని అంచనా వేశాను. అందులోనూ ఇరవై నిమిషాలు మా అమ్మాయివి. "ఐ విల్ డూ ఎవ్రీథింగ్, అమ్మా" అని ఆ పదేళ్ల పిల్ల కాగితం మీద రాసి, సంతకం కూడా పెట్టి ఇచ్చింది. రెండో వారంలో కుక్కపిల్ల ఆ కాగితాన్ని నమిలేసింది. దానికి చదవడం వచ్చేమోనని ఇప్పటికీ నా అనుమానం.

అరగంట ఎక్కడ? పొద్దున్నే వానలో పెరట్లో నిలబడి "కానివ్వమ్మా, కానివ్వు" అని బతిమాలడానికే అరగంట పట్టేది. అంతా విని, లోపలికి వచ్చి కార్పెట్ మీద కానిచ్చేది. రెండు గంటలకోసారి ఇదే తంతు. మీటింగు మధ్యలో మైకు ఆపేసి, అది ఎత్తుకుపోయిన చెప్పు కోసం పరిగెత్తేదాన్ని. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తారు. ఆయన చేసిన సాయమల్లా సోఫాలో కూర్చుని "అది నిన్నే అమ్మ అనుకుంటోంది" అనడం.

పై గదిలో నేను పని చేసుకుంటుంటే, మెట్లెక్కడం రాక కింద నుంచి మూలిగేది. "ఒక్క నిమిషం, వస్తా" అని కేకేసేదాన్ని. నిజంగానే వెళ్లేదాన్ని. అలా దానికి వచ్చిన మొదటి తెలుగు మాట "వస్తా". అది వినగానే ఏడుపు ఆపి బుద్ధిగా కూర్చునేది. మా అమ్మాయికి పదేళ్లలో నేర్పలేని తెలుగు దీనికి మూడు వారాల్లో నేర్పానని గర్వపడ్డాను.

అంతలో వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని మా మేనేజరు కబురు పెట్టాడు. మొదటి రోజు నీళ్లు, తిండి, పరుపు, బొమ్మలు అన్నీ అమర్చి, గుమ్మంలో అలవాటుగా "వస్తా" అన్నాను. ఇల్లు కదిలేటప్పుడు "వెళ్తున్నా" అనడం మా ఇంటా వంటా లేదు. అలా అంటే మా అమ్మమ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సరిగ్గా చెప్పించాకే పంపేది.

సాయంత్రం తాళం తీస్తుంటే పక్కింటావిడ పలకరించింది. రిటైరైన నర్సు. "మీ కుక్కపిల్ల గ్రాండ్, ఏ గొడవా చేయలేదు" అంది. ఇక్కడివాళ్లు ఇల్లు తగలబడుతున్నా ముందు గ్రాండ్, అంటే అంతా బాగానే ఉంది, అనే అంటారు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. తలుపుకున్న గాజులోంచి మూడుసార్లు చూసిందట. మూడుసార్లూ అది తలుపు ముందే బుద్ధిగా కూర్చుని ఉందట. లోపల గిన్నెలో నీళ్లు నేను పోసినవి పోసినట్టే ఉన్నాయి.

నాకు సిగ్గేసింది. "మన వల్ల కాదు, తెచ్చిన కుక్కల ఫారంలోనే తిరిగిచ్చేద్దాం" అన్నారు మా ఆయన. కాదనలేకపోయాను. "నేను వస్తాననే కదా చెప్పాను, పాపం దానికి అర్థం కాలేదు" అని మాత్రం గొణిగాను.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్క్ యాస ఇంగ్లీషులో వస్తుంది. ఆ రోజు కుక్కపిల్లని ఒళ్లో పెట్టుకుని, మాటలు వెతుక్కుంటూ తెలుగులోనే అంది. "క్రెష్‌లో నాకు కూడా అదే చెప్పావ్ అమ్మా. రోజూ. నేను కూడా డోర్ దగ్గరే కూర్చున్నా."

ఆ పిల్లకి రోజుకు ఎన్ని గంటలు చాలని అంచనా వేశానో నాకు గుర్తు రాలేదు.

తిరిగిచ్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం ఒకసారి ఇంటికి వెళ్లొస్తానని మేనేజరుకి రాశాను. అడగలేదు, చెప్పాను. తర్వాతి ఆఫీసు రోజున గుమ్మంలో నిలబడి, బుద్ధెరిగాక మొదటిసారి "వెళ్తున్నా" అన్నాను. కుక్కపిల్ల కాసేపు చూసి పరుపు మీదికి పోయింది. మా అమ్మాయి మాత్రం బడి బ్యాగుతో అక్కడే నిలబడి "ఎన్నింటికి వస్తావ్?" అని అడిగింది.

ఆరింటికి అన్నాను. ఐదున్నరకే వచ్చి తలుపు తీశాను. మా ఆయన సోఫాలో ఉన్నారు. అమ్మాయీ కుక్కపిల్లా ఇద్దరూ తలుపు దగ్గర కూర్చుని ఉన్నారు.