ఒసాకా పొంగనాలు

ఆఫీసు నుంచి ఒషావాలో ఇంటికి వెళ్లే రైల్లో కూర్చుని, ఒసాకా ట్రిప్ కాన్సిల్ చేసేద్దామనుకుంటున్నాను. ఉన్న రెండు రోజుల్లో కోట ఎప్పుడు, గుళ్లు ఎప్పుడు, అక్వేరియం ఎప్పుడు అని ప్లాన్ చేసీ చేసీ విసుగెత్తింది. సెలవు కూడా ఆఫీసు పనిలాగే తయారైంది.

అంతకుముందు నేను అమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడటం విన్నట్టున్నారు, పక్క సీట్లో పెద్దావిడ నా ఫోన్లోకి తొంగి చూసి, "గుంత పొంగనాలా అమ్మా?" అన్నారు. అది ఒసాకా వీధుల్లో అమ్మే చిరుతిండి ఫొటో. గుంతల పెనం, గుండ్రటి ఉండలు, అచ్చం అలాగే ఉన్నాయి.

"కాదాంటీ. లోపల ఆక్టోపస్ ముక్క పెడతారు."

ఆవిడ ముఖం అదోలా పెట్టారు. "అది వెయ్యొద్దని చెప్పు. వేడి మీదే తిను," అన్నారు. తన స్టేషన్ రాగానే మోకాళ్లు పట్టుకుని లేచి దిగిపోయారు.

నాకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది. కాన్సిల్ చేయలేదు.

ఒసాకాలో కోట దాకా వెళ్లలేకపోయాను. కాళ్లు లాగేస్తుంటే ఒక కొట్టు ముందు ఆగి, ఆక్టోపస్ వద్దని సైగ చేశాను. కొట్లో ఆయన నవ్వి, ఉల్లికాడలు వేసి ఇచ్చాడు. మొదటిది నోట్లో పెట్టుకోగానే నాలుక కాలింది.

"పొంగనాలే ఆంటీ," అన్నాను, పక్కన ఎవరూ లేకపోయినా.