చింతచెట్టుకు ఎర్ర నంబరు

ఒక్క డబ్బా ఎర్ర రంగుతో ఎంత నష్టం చేయవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ఆ డబ్బాతో నేను ఒక ఊరికి నిద్ర లేకుండా చేశాను, చక్కగా నడుస్తున్న హోటలును రేకులతో సహా లేపేశాను, ఒక విశ్వవిద్యాలయంలో అటవీ విద్య అనేదే లేకుండా చేయబోయాను. ఇంత ఘనకార్యానికి నాకు జీతం కూడా ఇచ్చేవాళ్ళు, కాకపోతే ఆలస్యంగా ఇచ్చేవాళ్ళు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అనంతపురం జిల్లాలో అటవీ విద్య ఏమిటని నవ్వకండి, అప్పట్లో మేమే సరిపడా నవ్వుకున్నాం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, మావాళ్ళు ఆ సోమలింగానికి బోర్డు కూడా రాయించి గోడకు తగిలించారు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కాబట్టి, తాత్కాలిక అధ్యాపకుణ్ణయిన నేనే అందులో మహావృక్షాన్ని. విద్యార్థులు నలుగురు. నలుగురూ కంప్యూటర్ కోర్సులో సీటు రాక మా నీడకు చేరినవాళ్ళే.

"అడవుల మీద నీకు ఆసక్తి ఎలా కలిగింది?" అని మొదటి రోజు నరసింహులు అనే కుర్రవాణ్ణి అడిగాను.

"కలగలేదు సార్. హాస్టలు దొరుకుతాదంటే వచ్చినా."

మిగిలిన ముగ్గురూ తలలూపారు. వాళ్ళను అనడానికి లేదు. అటవీ శాఖ ఉద్యోగానికి ఏ సైన్సు డిగ్రీ చదివినవాడైనా పోటీ పడవచ్చు. అలాంటప్పుడు నాలుగేళ్ళు చెట్ల పేర్లు బట్టీ పట్టడమెందుకని వాళ్ళ ఇళ్ళలో అడిగేవాళ్ళు. నాకూ జవాబు తెలియదు.

ఒకరోజు శాఖాధిపతి నన్ను గదిలోకి పిలిచాడు.

"ఏమప్పా, పై నెలలో కోర్సులు తనిఖీ చేసే కమిటీ వస్తాండాది. పిల్లోళ్ళు బయట చేసిన పని ఒకటన్నా చూపీకపోతే కోర్సు మూసేస్తారంట."

"మూసేస్తే మన గతేం సార్?"

"నాకు వేరే శాఖ ఇస్తారు. నీ సంగతి నువ్వు చూసుకో."

నాకు అప్పుడే పెళ్ళి కుదిరింది. అల్లుడు యూనివర్సిటీలో సారని మామగారు ఊరంతా చెప్పుకున్నాడు. కోర్సు పోతే సారూ పోతాడు, బహుశా అల్లుడూ పోతాడు. ఆ భయంతోనే చెట్ల గణన చేయిద్దామని నిర్ణయించాను. ఒక చోట ఉన్న చెట్లన్నిటికీ నంబర్లు వేసి, చుట్టుకొలత తీసి, ఎంత కలప ఉందో లెక్కగట్టే పని అది. అడవిలో చేయాలి. అడవి లేదు కాబట్టి సోమందేపల్లె దాటాక హైవే పక్కనున్న ఒక ఊరికి పోయాం. ఆ ఊరి ముందు రోడ్డు వారగా మంచి చింతచెట్లు ఉన్నాయి. పెయింటు కొట్టులో తెల్ల రంగు అడిగితే, "తెల్లది అయిపోయినాది, ఎర్రది ఉండాది" అన్నారు. ఏ రంగైతేనేం అనుకున్నాను. నా జీవితంలోని పెద్ద తప్పులన్నీ 'ఏదైతేనేం' అనే మాటతోనే మొదలయ్యాయి.

మొదటి చింతచెట్టు కింద ఓబుళమ్మ హోటలు ఉంది. నాలుగు రేకులు, రెండు బెంచీలు, ఒక పొయ్యి. నరసింహులు చెట్టుకు ఒకటో నంబరు వేస్తుంటే ఆమె గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమప్పా, నా చెట్టుకు నంబరు ఎందుకేస్తాండారు?"

పిల్లలు చదువుకోసం వేస్తున్నారమ్మా అని ఒక్క మాట అంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ నేను చొక్కా టక్ చేసుకుని ఉన్నాను. మెడలో టేపు ఉంది. ఆ వయసులో మెడలో టేపున్న మనిషి మామూలుగా మాట్లాడలేడు.

"పైనుంచి ఆర్డర్ వచ్చిందమ్మా. అన్నీ లెక్క తీస్తున్నాం," అన్నాను.

ఆమె గరిటె దించింది. లోపలికి పోయి మా అయిదుగురికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. డబ్బులివ్వబోతే, "ఆఫీసర్ల దగ్గర తీసుకుంటామా" అంది. ఆఫీసరన్న మాట నా చెవికి ఎంత కమ్మగా తగిలిందో చెప్పలేను. సరిదిద్దడానికి మనసొప్పలేదు. ఇంకో బజ్జీ పెట్టించుకున్నాను.

మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. బెంగుళూరు పోయే ఆ రోడ్డును వెడల్పు చేస్తారని అప్పట్లో ప్రతి టీ బంకు దగ్గరా అదే మాట. చెట్టుకు ఎర్ర నంబరు పడిందంటే దాన్ని కొట్టేస్తారని, చెట్టు గలవాడికి పరిహారం వస్తుందని ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది అటవీ విజ్ఞానం బోధించే నాకే.

రెండు వారాల తర్వాత చెట్ల ఎత్తులు కొలవడానికి పోయి చూస్తే, ఊరిని గుర్తు పట్టలేకపోయాను. రోడ్డు వెంట చేలన్నిటిలో మొక్కలు. వేప, కానుగ, చింత, సీతాఫలం, మూరకొకటి చొప్పున నాటారు. తాగడానికే నీళ్ళు లేని ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలతో మొక్కలకు పోస్తున్నారు. ఓబుళమ్మ హోటలు చింతచెట్టు కింద లేదు. రోడ్డుకు దూరంగా ఎండలో ఉంది. గిరాకీ మాత్రం దాని వెంట ఎండలోకి రాలేదు.

"చెట్టు ఎట్లాగూ కొట్టేస్తారు గదా సారూ, ముందే పీక్కున్యా," అంది.

మారెన్న అనే రైతు పరుగున వచ్చాడు. "సారూ, నా చేన్లోవాటికి గూడా నంబర్లు ఏయండి. రోడ్డు మా పక్కకే కొంచెం జరపండి."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆ పచ్చదనం చూస్తే కమిటీ కళ్ళ ముందు కదిలింది. దానివెనకే మామగారు. నోరు మూసుకుని, "చూద్దాంలే" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోకూడదంటారు. ముందే పట్టుకుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

తిరిగొచ్చి శాఖాధిపతికి సగం నిజమే చెప్పాను. "సార్, మన ప్రాక్టికల్ చూసి ఊరంతా మొక్కలు నాటింది."

ఆయన కమిటీని నేరుగా ఆ ఊరికే తీసుకుపోయాడు. కమిటీకి పెద్ద ఒక మేడం. జుట్టు నెరిసిన మనిషి, తక్కువ మాటలు. చేలన్నీ చూసి ఆగిపోయింది. "కరువు సీమలో రైతులు సొంతంగా నీళ్ళు మోసి చెట్లు పెంచుతున్నారా? నేనెక్కడా చూడలేదే," అంది. శాఖాధిపతి నా భుజం తట్టాడు.

మేడం మారెన్నను పిలిచింది. "ఈ మొక్కలు ఎప్పుడు నాటారు?"

ఆమెనే పరిహారమిచ్చే ఆఫీసరమ్మ అనుకున్నాడు మారెన్న. పాత చెట్టుకు ఎక్కువిస్తారని వాడికి తెలుసు.

"ఇవి మా తాత నాటినవి మేడమ్."

ఆమె మోకాటి కింద ఊగుతున్న కానుగ మొక్కను చూసింది. "మీ తాతగారి కాలం నుంచీ ఇంతేనా?"

"కరువు మేడమ్. ఈడ మనుషులే ఎదగరు, చెట్లేం ఎదుగుతాయి."

"మరి మొక్క మొదలు దగ్గర ఈ నర్సరీ ప్లాస్టిక్ సంచి?"

"అదీ మా తాతదే. ఆయనకి శానా ముందుచూపు."

మేడం ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంతలో ఓబుళమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "అదంతా ఇడిసిపెట్టండి మేడమ్. దుడ్లు యాడిస్తారు, ఈడనా, పెనుకొండలోనా?"

"ఏం డబ్బులమ్మా?"

"రోడ్డుకు పోయే చెట్లవి. ఈ సారే గదా నంబర్లు ఏసింది."

ఊరూ, కమిటీ, శాఖాధిపతీ ఒకేసారి నావైపు తిరిగారు. ఇక దాక్కుందామంటే అక్కడున్న పెద్ద చెట్లన్నిటి మీదా ఎర్ర నంబర్లే, నాకు తెలుసు, నేనే లెక్క తీశాను.

"రోడ్డు కాదమ్మా," అన్నాను. "పిల్లల చదువు కోసం వేశాం. ప్రాక్టికల్."

ఓబుళమ్మ వెనక్కి తిరిగి చింతచెట్టు మీది ఎర్ర నంబరు చూసింది.

"సదువుకా?" అంది ఓబుళమ్మ మెల్లగా. "నీ సదువు కోసరం నా హోటలు పీకించినావా? గిరాకీ లేక పదైదు దినాల నుంచి నా ఉగ్గాని నేనే తింటాండా."

సిగ్గుతో చచ్చిపోయాను. కోర్సు సంగతి, పెళ్ళి సంగతి ఆ నిమిషంలో నిజంగా మరిచిపోయాను. టేపు తీసి జేబులో పెట్టుకుని, ఒక రేకు నెత్తికెత్తుకున్నాను. నరసింహులు పొయ్యి ఎత్తాడు. మిగిలినవాళ్ళు బెంచీలు. మధ్యాహ్నపు ఎండలో అటవీ విజ్ఞాన శాఖ మొత్తం హోటలును మోసుకుంటూ చింతచెట్టు కిందికి నడిచింది. మారెన్న కోపంతో రెండు మొక్కలు పీకాడు. మూడోదాని దగ్గర ఆగి, "నీళ్ళు పోసినాం గదా, ఉండనీ," అనుకుంటూ వెళ్ళిపోయాడు.

మేడం నీడలో కూర్చుని, కొత్తగా వెలిగిన పొయ్యి మీది టీ తాగింది. "మీ విద్యార్థులు బయట చేసిన నిజమైన పని ఇదొక్కటే అనుకుంటా," అని శాఖాధిపతితో అంది. కోర్సును మాత్రం మూయలేదు. ఒక షరతు పెట్టింది. చెట్టు మీద చెయ్యి వేసే ముందు, ఆ చెట్టు కింద బతికే మనిషితో ఎలా మాట్లాడాలో పాఠంగా చెప్పాలంది. చెప్పాల్సింది ఎవరని శాఖాధిపతి అడిగితే వేలు నావైపు చూపించింది. అలా నా ఉద్యోగం నిలిచింది. పెళ్ళీ జరిగింది.

కొన్నేళ్ళకు ఓబుళమ్మ నుంచి ఫోను వచ్చింది. "సారూ, నీ పిల్లోళ్ళు మళ్ళా వచ్చినారు. ఎర్ర నంబర్లు ఏస్తాండారు. రోడ్డంట, గవర్నమెంటంట. యా కాలేజీ అంటే చెప్పకుండా గుర్తింపు కార్డులు చూపిస్తాండారు. పట్టి కూకోబెట్టినా."

"వాళ్ళు నిజమైనవాళ్ళేనమ్మా," అన్నాను కంగారుగా. "ఈసారి నిజంగానే రోడ్డు. వదిలిపెట్టండి."

అవతల పొయ్యి మీద బజ్జీలు వేగుతున్న చప్పుడు.

"నువ్వు చెప్తే నమ్మేదెట్ల?" అని ఫోను పెట్టేసింది.

కాబట్టి పాఠకులారా, మారెన్న తాతగారి ముందుచూపు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఎర్ర రంగు డబ్బా మూత తీయను. మా ఇంటి నంబరు రాయించాల్సి వచ్చినప్పుడు కూడా నీలం రంగు తెప్పించాను. బ్రష్షు తడిపే ముందే వీధిలో ప్రతి గడపకూ పోయి, ఎందుకు రాయిస్తున్నానో చెప్పి వచ్చాను.