చంపని జబ్బు

ఒకప్పుడు ఊళ్ళో సగంమంది పిల్లలకు ఈత నేర్పిన టీచరమ్మ, ఇప్పుడు స్నానం చేస్తే చాలు, ఆ రోజంతా మంచానికి అతుక్కుపోతుంది. అయినా పొద్దున్నే జడ బిగించి వేయించుకోనిదే ఊరుకోదు. "ఎవరొస్తారనీ సింగారం?" అని వదిన నవ్వితే, "జబ్బుకి లోకువైపోమంటావా?" అంటుంది.

ఈ జబ్బు మీద పరిశోధనకు ఇంకా డబ్బివ్వమని అడగడానికి, నిధులిచ్చేవాళ్ళ సభకు వదినే ఆమెను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళింది. "ఈ జబ్బుతో పోయేవాళ్ళు చాలా తక్కువమ్మా. ఇస్తున్నది సరిపోతుంది," అన్నాడు అధ్యక్షుడు మర్యాదగానే. టీచరమ్మకు కళ్ళు తిరుగుతున్నాయి కానీ గొంతు వణకలేదు. "చచ్చినవాళ్ళనేనా బాబూ లెక్కపెట్టేది? బతికుండీ మంచం దిగలేని మమ్మల్నీ, మాకోసం ఉద్యోగాలు మానుకున్న మా వదినల్నీ లెక్కేసి, అప్పుడు చెప్పండి చాలుతుందో లేదో!" ఆ మాటలతో ఒంట్లో సత్తువంతా అయిపోయింది. పక్కగదిలో పడుకోమన్నారు. ఆమె వినలేదు. కుర్చీలోంచి జారి, వేదిక ముందే నేలమీద వెల్లకిలా పడుకుంది. వదిన చతికిలబడి ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. చివరికి అధ్యక్షుడే కిందికి దిగి వచ్చాడు. "లెక్క మళ్ళీ చూస్తామమ్మా, లేవండి."

"ఎప్పుడు చూస్తారో తేదీ చెప్పండి, లేస్తా," అంది టీచరమ్మ, కళ్ళు తెరవకుండానే.