మేడ మీద ముసలామె

పాస్టరుగా ఉన్నవాడికి దయ్యాల కథలు రాసే బుద్ధి ఎలా పుట్టిందని పాఠకులు అడుగుతుంటారు. మా సంఘ పెద్దలూ అడిగారు, కాకపోతే వాళ్లు కళ్లెర్రజేసి అడిగారు. ఇప్పుడు నా పుస్తకాలు రైల్వే స్టేషన్లలో బిస్కెట్ ప్యాకెట్లతో పోటీపడి అమ్ముడవుతున్నాయి. మొదటి కథను మాత్రం నేను కాగితం మీద రాయలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఆగస్టులో, ఇద్దరు సైనికుల ఎదుట వణుకుతూ చెప్పాను.

అప్పట్లో కువైట్ సిటీలో ఒక అద్దె గదిలో తెలుగువాళ్లకు ప్రార్థనలు జరిపేవాణ్ని. నేను ఆమెన్ అంటే పక్క వీధిలో నిలిపిన కార్లు ఉలిక్కిపడేవని చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా నేనే. ఒక పొద్దున ఫోను మోగింది. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పనిచేసే కడప జిల్లా ఆమె. హిందువే అయినా ఇదివరకు జ్వరమొస్తే నా చేత ప్రార్థన చేయించుకుంది. ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కుటుంబంతో సౌదీ వైపు వెళ్లిపోయాడట. మంచం మీదనుంచి లేవలేని ఆయన తండ్రిని, ఈమె బాబా అని పిలిచే ముసలాయన్ని, ఈమెకు అప్పజెప్పిపోయారట.

"బాబా నా చేతి నీల్లు ముట్టడంల్యా అయ్యా. ఆయప్ప మనుషులొచ్చి ఇచ్చేనే తాగుతాడంట. మూతి బిగబట్టుకోని పండుకున్నాడు. మా దేవునికి మొక్కి మొక్కి అలిసిపోయినా. మీ దేవునితో గూడా ఒక మాట జెప్పు."

నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ ఎండకు నా నీడ కూడా నన్ను వదిలి గోడవారగా నడిచింది. వీధిలో పురుగు లేదు. గేట్లు బార్లా తెరిచి ఉన్నాయి. మనుషుల్లేని ఇళ్లలో ఏసీలు మాత్రం గుర్రుపెడుతున్నాయి. ఏదో ఇంట్లో ఫోను మోగి మోగి ఆగింది. ఆగాక ఇంకా భయమేసింది.

బాబా గది మేడ మీద. పెదవులు ఎండిపోయి పగిలాయి. దగ్గర పెడితే చేత్తో తోసేస్తున్నాడని ఆమె నిండు నీళ్లగ్లాసును మంచానికి అందనంత దూరంగా, కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. నేను ప్రార్థన మొదలుపెట్టగానే నా చొక్కా పట్టుకు లాగింది.

"మెల్లగ అయ్యా. నీ గొంతినుకుంటే ఇరాకోల్లు గూడా వచ్చి మోకాల్లేచ్చారు."

ప్రార్థన అయింది. బాబా మూతి తెరవలేదు. ఈ రాత్రి గడవదనిపించింది. అంతలో కింద జీపు ఆగిన చప్పుడు. ఇద్దరం గబగబా దిగాం.

సైనికులు ఇద్దరు. ఒకడు ఏ ఇంట్లోనో దోచిన టేప్ రికార్డరు చంకన పెట్టుకున్నాడు. రెండోవాడు మెట్ల వైపు చూసి, పైన ఎవరని అడిగాడు. నిజం చెబితే ముసలాయన్ని మంచంతో సహా కిందికి ఈడుస్తారు. నాకొచ్చిన అరబీ టమాటాలు బేరమాడటానికే బొటాబొటీగా సరిపోయేది. దానితోనే కథ అల్లాను. పైన ముసలామె ఉంది. చచ్చిపోయింది. కానీ పోలేదు. నల్లబట్టలు. ఒక కాలు ఈడుస్తూ మొగుడికి నీళ్లు తీసుకెళుతుంటుంది. మాటలు చాలనిచోట నా కాలు ఈడ్చి చూపించాను.

నేను కాలు ఆపాను. చప్పుడు ఆగలేదు. పైన ఒక అడుగు. తర్వాత నేలమీద ఏదో రాసుకున్నట్టు ఈడ్పు. మళ్లీ అడుగు. మంచం దగ్గరనుంచి కిటికీ వైపు. కిటికీ దగ్గరనుంచి మంచం వైపు.

రెండోవాడి మీసం వాడికంటే ముందే గుమ్మం దాటింది. మొదటివాడు టేప్ రికార్డరును నేలమీద మెల్లగా, తన ఇంట్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా పెట్టి వెళ్లాడు. జీపు పోయిన చప్పుడు విని నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"పెద్దమామా కాలు ఈడుస్తాదని నీకెవురు జెప్పినారయ్యా?"

ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించానన్నాను. పెద్దమామా అంటే బాబా భార్య, ఆమె పోయి ఏడాదయిందట. ఆ గదిలోనే. నన్ను అబద్ధాలకోరును చూసినట్టు చూసి ఆమె మెట్లెక్కింది. ఒంటరిగా కింద ఉండలేక నేనూ ఆమె వెనకే, ఆమె కొంగుకు వీలైనంత దగ్గరగా ఎక్కాను.

గ్లాసు కిటికీ దగ్గర బల్ల మీదే ఉంది. ఖాళీగా. మంచం మీద బాబా గడ్డం తడిసి ఉంది. ఏదో గొణిగాడు. ఆమె వంగి విన్నది. నాకు తెలుగులో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు మనవాళ్లను బస్రా మీదుగా ఇంటిదారి పట్టించే బస్సు ఉంది. అందులో నీకూ చోటు అడుగుతాను, వచ్చెయ్యమ్మా, ఇప్పుడు బాబాకు తోడుందిగా అన్నాను. వేళాకోళంగానే అనాలనుకున్నాను. కిటికీ వైపు మాత్రం చూడకుండా అన్నాను.

"నీల్లంటే ఆయమ్మ ఇచ్చాది. గంజి ఎవురు కాయాల?"

వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది. గంజి చల్లార్చి తెచ్చి చెంచాతో నోటికందించింది. బాబా మూతి తెరిచాడు. ప్రతి చెంచాకూ ముందు కిటికీ వైపు చూసి, తల ఊపి, అప్పుడు మింగాడు.